మిలిట్రీ పుస్తకంలో ఒక మాట

మాజీ సైనికులున్న ఇళ్ళల్లో ఒక చిన్న పుస్తకం ఉంటుంది. దాని అసలు పేరు డిశ్చార్జి బుక్కు. ఇంట్లోవాళ్ళు మిలిట్రీ పుస్తకం అంటారు. భూమి పత్రాలూ రేషన్ కార్డూ ఉండే ట్రంకు పెట్టెలోనే, అన్నిటికంటే అడుగున, ఒక గుడ్డలో చుట్టి దాన్ని ఉంచుతారు. బ్యాంకులో పెన్షన్ కౌంటరు చూసిన ఏడేళ్ళలో నా చేతిలోంచి ఇలాంటివి కొన్ని వందలు నడిచాయి. బెంగుళూరులో ఉద్యోగం చేసినవాడికి ఇదేమీ వింత కాదు. ఈ ఊళ్ళో కంటోన్మెంటు 1809లో పుట్టిందే సిపాయిల కోసం. అలసూరు చెరువు పక్కన మద్రాసు శాపర్ల కేంద్రం ఈనాటికీ ఉంది. నవంబరు నెల వచ్చిందంటే లైఫ్ సర్టిఫికెట్ల కోసం ముసలి సుబేదార్లూ, హవల్దార్ల భార్యలూ తెల్లారకముందే వచ్చి బ్యాంకు మెట్ల మీద కూర్చునేవారు. కౌంటరు ముందు తెలుగు, తమిళం, కన్నడం, హిందీ నాలుగూ కలిసి వినిపించేవి. ఇప్పుడు 'స్పర్శ్' అనే కంప్యూటరు వ్యవస్థ వచ్చి ఆ రద్దీ చాలావరకు తగ్గింది. 'స్పర్శ్' వచ్చాక మనుషుల స్పర్శ తగ్గిందని మా హెడ్ క్యాషియరు హాస్యమాడేవాడు.

ఆ పుస్తకంలో పేరు, నంబరు, చేరిన తేదీ, వచ్చిన పతకాలు, నడవడి ఎలాంటిది, ఎందుకు బయటికి వచ్చాడు అన్నవన్నీ ఉంటాయి. 'ఎందుకు' అన్నచోట చాలామందికి, నియమకాలం పూర్తి చేసి వచ్చాడని రాసి ఉంటుంది. దాన్ని ఎవరూ రెండోసారి చూడరు. కొందరికి మాత్రం వైద్య కారణాల మీద పంపేశామని ఉంటుంది. కాలు పోయిన మనిషి అయితే చూడగానే తెలుస్తుంది గనుక అక్కడ రాయకపోయినా ఫరవాలేదు. మనసుకు వచ్చిన జబ్బు కంటికి కనబడదు. అంచేత కాగితం మీద ఏది ఉంటే అదే ఆ మనిషి అయిపోతాడు.

మా బావమరిది సంగతి అదే. అప్పటి కోలారు జిల్లా చింతామణి తాలూకాలో (2007 నుంచి అది చిక్కబళ్ళాపురం జిల్లా) మా అత్తగారి ఊరు. ఈ పత్రిక చదివేవాళ్ళకు ఆ సీమ గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, గుళ్ళో కైవార తాతయ్య తత్త్వాలు. అతను 1989లో పందొమ్మిదేళ్ళ వయసులో ఫౌజులో చేరాడు. ఛాతీ కొలిచారు, కళ్ళు చూశారు, పళ్ళు లెక్కపెట్టారు, పరుగెత్తించారు. ఏ లోపమూ లేదని రాసుకుని తీసుకున్నారు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత కేసంతా దీని మీదే నడిచింది.

ఏడేళ్ళు బాగానే గడిచాయి. సెలవులో వచ్చినప్పుడు చెల్లెళ్ళకు చీరలు, వాళ్ళమ్మకు ఉన్ని శాలువ తెచ్చేవాడు. ఆ శాలువతో చింతామణిలో పనేమిటో ఆవిడకూ తెలియదు, అయినా ఏ పండగకైనా కప్పుకునేది. 1996లో అతను ఉత్తరాన మంచు కొండల మీద ఒక పోస్టులో, వరసగా రెండో చలికాలం ఉన్నాడు. ఇక్కడ మా మామగారు పోయారు. ఇచ్చిన తంతి అతని చేతికి చేరేసరికి పదకొండో రోజు గడిచిపోయింది. ఒక్కడే కొడుకు. తలకొరివి దాయాది పెట్టాడు. తంతి అందాక కూడా దారి మూసుకుపోయి ఇంకో నెల దాకా కిందికి దిగలేకపోయాడు. ఆ నెలలో ఎప్పుడో నిద్ర పోవడం మానేశాడు. తిండి మానేశాడు. ఒక రాత్రి తుపాకి జాగ్రత్తగా పక్కన పెట్టి, బూట్లు విప్పి, ఉత్త కాళ్ళతో మంచులోకి నడిచాడట. తోటివాళ్ళు వెనక్కి లాక్కొచ్చారు. ఆ మనిషికి జబ్బు చేయలేదని నేను ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను.

ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మార్చి, ఆరు నెలల తర్వాత మెడికల్ బోర్డు ముందు నిలబెట్టారు. సైన్యంలో ఆరోగ్యాన్ని 'షేప్' అనే అయిదు అక్షరాల కింద లెక్క కడతారు. మొదటి అక్షరం మనసుది, తర్వాతవి చెవి, అవయవాలు, శరీర దారుఢ్యం, కన్ను. ఒక్కో అక్షరానికి ఒకటి నుంచి అయిదు దాకా అంకె వేస్తారు. ఒకటి అంటే నిక్షేపం, అయిదు అంటే ఇక పనికిరాడు. మావాడికి మిగతా నాలుగు అక్షరాలకూ ఒకటి వచ్చింది, మొదటిదానికి అయిదు. 1997లో నల్ల ట్రంకు పెట్టె భుజాన వేసుకుని బస్సు దిగాడు. పుస్తకంలో 'స్కిజోఫ్రెనియా' అని ఉంది. ఆ మాట పలకడం మాలో ఎవరికీ రాలేదు. ఊరి కాంపౌండరు కూడబలుక్కుని చదివి, అర్థం మాత్రం ఒక్క ముక్కలో చెప్పాడు. ఆ ఒక్క ముక్కే ఊళ్ళో నిలిచిపోయింది. దానికి తెలుగులో మనకు ఎన్ని మాటలున్నాయని! దిగులు, బెంగ, చింత, పరాకు, మతిమాలడం, మనసు విరగడం. అన్నీ పోయి చివరికి మిగిలింది 'పిచ్చి' అనే రెండక్షరాలు.

బెంగుళూరులో ఒక మానసిక వైద్యుడి దగ్గర రెండేళ్ళు మందులు వాడాడు. మూడో ఏడు డాక్టరే ఆపేశాడు. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళలో మళ్ళీ ఒక్క మాత్ర వేసుకోలేదు. ఉన్న ఎకరంన్నరలో మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచుతున్నాడు. ఆ పని తెలిసినవాళ్ళకు తెలుసు. నాలుగో జ్వరం లేచాక పురుగు రాత్రనక పగలనక తింటుంది. అర్ధరాత్రి లేచి ఆకు వెయ్యాలి, చలీ వేడీ చూసుకోవాలి, చంద్రికల మీదికి ఎక్కించే వేళ తప్పిందంటే గూడు పాడవుతుంది. గూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్టుకు వేస్తే అతని తట్టకు ఎప్పుడూ పదీ పరకా ఎక్కువే పలికేది. అంత శ్రద్ధ గల మనిషిని 1999లో ఒక బ్యాంకు (మాది కాదు) సాయుధ గార్డు ఉద్యోగానికి పిలిచి, పుస్తకం తెరిచి ఆ గడి చూసి, మూసి, చేతికిచ్చి పంపేసింది. ప్రభుత్వ బ్యాంకుల్లో మాజీ సైనికులకు గుమాస్తా ఉద్యోగాల్లో నూటికి 14.5, కింది తరగతిలో 24.5 వంతున కేటాయింపు ఉంది. అతని వరకు ఆ అంకెలకు విలువ లేకుండా పోయింది. తుపాకి ఇవ్వవలసిన ఉద్యోగం గనుక వాళ్ళు జంకారంటే అర్థం చేసుకోగలను. ప్యూను పనికి అడిగినా ఇంకోచోట అదే జరిగింది. పెళ్ళి సంబంధాలు రెండు అదే గడి దగ్గర ఆగిపోయాయి. మూడోది వాళ్ళ మేనత్త కూతురు, ఆమె పుస్తకం అడగలేదు.

ఇంతకీ పెన్షన్ ఏమయింది అని మీరడగాలి. 1998లో ఒక కవరు వచ్చింది. అంతా ఇంగ్లీషు. మీ జబ్బు సైనిక సేవ వల్ల కలిగినదీ కాదు, సేవ వల్ల ముదిరినదీ కాదు. పుట్టుకతో ఉన్న తత్త్వానికి సంబంధించినది. కాబట్టి వైకల్య పెన్షన్‌కు అర్హులు కారు. ఆరు నెలల్లోగా అప్పీలు చేసుకోవచ్చు అని దాని సారాంశం. ఇంట్లో దాన్ని చదివేవాళ్ళు లేరు. సర్కారు ముద్ర ఉన్న కాగితం కదా అని మా అత్తయ్య భద్రంగా దూలం సందులో దోపింది. 2014లో ఇల్లు కప్పు మార్చేటప్పుడు అది బయటపడి నా చేతికి వచ్చింది.

అప్పుడు నేను పెన్షన్ కౌంటరులోనే ఉన్నాను. చిత్తూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక రిటైర్డు సుబేదారు మా ఖాతాదారు. ఆయనకు కవరు చూపించాను. కళ్ళద్దాలు పైకెత్తి, ఒక్క వాక్యం చదివి, "నానా కొట్టేసినారప్పా!" అన్నాడు. నాకు అర్థం కాలేదు. సేవ వల్ల వచ్చిందీ కాదు, ముదిరిందీ కాదు అనే ఇంగ్లీషు వాక్యంలోని తొలి అక్షరాలు కలిపితే 'నానా' అవుతుందట. పల్టన్లలో అందరికీ తెలిసిన మాట. నానా తిప్పలు అంటాం గానీ, వాటికి ఇలాంటి ఇంగ్లీషు మూలం కూడా ఒకటి ఉందని ఆనాడే తెలిసింది.

ఆయనే చెప్పాడు, అంతకు ముందు ఏడాదే సుప్రీం కోర్టు ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయి కేసులో పెద్ద తీర్పు ఇచ్చిందని. వెతికి చదివాను. ధరమ్‌వీర్ సింగ్ 1985లో చేరాడు. మూర్ఛ వచ్చిందని 1994లో పంపేశారు. జబ్బు పుట్టుకతో ఉన్న తత్త్వం అని రాసి పెన్షన్ లేదన్నారు. 2013 జూలైలో కోర్టు ఆ వాదన కొట్టేసింది. 1961 నాటి పెన్షన్ రెగ్యులేషన్లు, 1982 నాటి అర్హతా నియమాలు పక్కపక్కన పెట్టి కోర్టు చెప్పిన సంగతి మా కామర్సు వాళ్ళకు చాలా సులువుగా తలకెక్కుతుంది.

ఖాతాలో ప్రారంభ నిల్వ అని ఒకటి రాస్తాం. దాని కింద మీరే సంతకం పెట్టారు, ఏ లోటూ లేదని. ఏడాది ఆఖర్న లోటు కనబడింది. అప్పుడు ఆ లోటు ఈ ఏడాదిలోనే వచ్చిందని అనుకోవాలి. కాదు, ఇది అంతకు ముందునుంచీ ఉన్నదే అని మీరంటే వోచరు మీరు చూపించాలి, అవతలివాణ్ణి అడగకూడదు. సిపాయి చేరినప్పుడు జబ్బున్నట్టు ఎక్కడా రాయలేదు గనుక తర్వాత వచ్చిన జబ్బు సేవలో వచ్చినదిగానే భావించాలి. రుజువు చేసే భారం సిపాయిది కాదు. పరీక్షలో ఆనాడు కనిపెట్టడానికి వీలుకాని జబ్బు అని బోర్డు అనదలచుకుంటే, ఎందుకో కారణాలు రాయాలి. కారణాలు రాయకుండా 'కాదు', 'కాదు' అని గళ్ళు నింపితే చెల్లదు. వైకల్యం నూటికి ఇరవై, ఆపైన ఉంటే పెన్షన్ వస్తుంది. ముప్ఫై ఏళ్ళు ఆడిటర్ల చేత చీవాట్లు తిన్నవాడిగా చెబుతున్నాను, ఇంతకంటే న్యాయమైన సూత్రం ఉండదు.

అయితే ముందు ఆ బోర్డు కాగితాలు కావాలి. పెన్షన్ రానివాళ్ళ దస్త్రాలు పాతికేళ్ళు ఉంచి తర్వాత నాశనం చేస్తారు. 1997కి పాతిక కలిపితే 2022. మేము 2015లో సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాం గనుక సరిపోయింది. ఆ గడువు సంగతి తెలియక, కొడుకో మనవడో చదువుకుని కాగితాల కోసం రాసేసరికి దస్త్రం బూడిదైపోయిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. మీ చుట్టుపక్కల అలాంటి పుస్తకం ఎవరింట్లోనైనా ఉంటే ముందుగా తేదీ చూడండి.

కట్ట వచ్చింది. పది పన్నెండు పేజీలు. అందులో మానసిక వైద్యుడి నివేదిక అర పేజీ. అందులో ఒక వాక్యం: తల్లి గొంతు వినిపిస్తుందంటాడు, చనిపోయిన తండ్రి కనిపిస్తాడంటాడు. దాన్ని మా బావమరిదికి తెలుగులో చెప్పాను. చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత అన్నాడు, "బావా, వాళ్ళు హిందీలో అడిగినారు. నాకు వచ్చిన హిందీలో చెప్పినా. అమ్మ పిలిచినట్టుంది అన్నా. నాయన కండ్లల్లోనే ఉండాడు అన్నా. మన ఊళ్ళో ఎవురు అనరు ఆ మాట?"

నిజమే. దూరాన ఉన్న కొడుకుకు పొలమారితే అమ్మ తలచుకుందంటాం. పోయినవాడు కళ్ళల్లో మెదులుతున్నాడంటాం. గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు ఆయనదే అనిపించిందని మూడు నెలలదాకా ఇంటి ఆడవాళ్ళు అంటూనే ఉంటారు. ఆ మాటలు తీసి, ఫౌజు హిందీలో పెట్టి, అక్కణ్ణించి ఇంగ్లీషులోకి దించితే రోగలక్షణాలై కూర్చుంటాయి. రెండు భాషల నడుమ బతికే మనలాంటివాళ్ళకు ఇది కొత్త కాదు. ఆఫీసులో మన ఇంగ్లీషు విని నవ్వినవాళ్ళున్నారు, మార్కెట్లో మన కన్నడం విని ఏ ఊరని అడిగినవాళ్ళున్నారు. వాటితో మహా అయితే మొహం చిన్నబోతుంది. ఇక్కడ ఒక మనిషి బతుకు పేరు మారిపోయింది. డాక్టరును నేను పూర్తిగా తప్పుపట్టలేను. ఎదుటివాడు నిద్రలేక, తిండిలేక, మంచులోకి నడిచిన మనిషి. ఆ వాక్యం లేకపోయినా ఆసుపత్రిలో ఉంచవలసినవాడే. కానీ తండ్రి చావు కబురు ఆలస్యమైన సంగతి ఆ పన్నెండు పేజీల్లో ఒక్కచోట కూడా లేదు. ఎవరూ అడగలేదు, అడగందే చెప్పే అలవాటు అతనికి లేదు.

ఒకప్పుడు ఫౌజులో పనిచేసి నల్లకోటు వేసుకున్న వకీలు దొరికాడు. కాగితాలన్నీ చదివి, "గెలిచే కేసు" అన్నాడు. మా బావమరిది మొదటి ప్రశ్న డబ్బు గురించి కాదు. "అయితే సార్, ఆ మాట కొట్టేస్తారా?" అన్నాడు. వకీలు నావైపు చూశాడు. అక్కడ మాకు అసలు చిక్కు అర్థమైంది.

వైకల్య పెన్షన్ కావాలంటే జబ్బు ఉందని ఒప్పుకోవాలి. ఉంది, మీ కొలువులోనే వచ్చింది, కాబట్టి డబ్బు ఇవ్వండి అనాలి. ఆ మాట పోవాలంటే ఆనాడు ఆ జబ్బే లేదనాలి. రెండూ ఒక్క అర్జీలో ఒకదాని పక్కన ఒకటి పెడితే రెండూ చెడతాయి. మొదటి దారిలో నియమాలు మన వైపు ఉన్నాయి. రెండో దారిలో ఎన్నో ఏళ్ళ కిందటి మనసును ఇప్పుడు ఎవరు పరీక్షిస్తారు?

రెండో దారిలో నడిచిన సిపాయి ఒకడున్నాడు. వీర్‌పాల్ సింగ్. 1972లో చేరాడు, స్కిజోఫ్రెనియా అని 1977లో పంపించారు. ఆయన కేసు కూడా సుప్రీం కోర్టులో 2013లోనే తేలింది, అంటే 36 ఏళ్ళకు. బోర్డుకు ఆధారంగా నిలిచింది ఒక మానసిక వైద్యురాలి అభిప్రాయం మాత్రమే. గొడవపడే గుణం, చిరాకు, తొందరపాటు ఉన్నాయనీ, మందులతో మెరుగయ్యాడనీ ఆమె రాసింది. ఈమాత్రానికే ఇంత పెద్ద జబ్బు పేరు ఎలా వేశారని కోర్టు వైద్య గ్రంథాలు తిరగేసి మరీ ప్రశ్నించింది. పునఃపరిశీలన బోర్డుకు పంపి, బయటికి పంపిన నాటికి అసలు ఆ జబ్బు ఉందో లేదో తేల్చమంది. తీర్పు చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. వకీలు మాత్రం, "మీవాడు మంచులోకి ఉత్త కాళ్ళతో నడిచాడండీ, అది కాగితం మీద ఉంది" అన్నాడు.

ఈ చిక్కు మనదొక్కరిదే కాదు. అమెరికాలో సైనికుల రికార్డుల్లో తప్పులు దిద్దడానికే ప్రత్యేకంగా బోర్డులున్నాయి, 1946 నాటి చట్టంతో వచ్చాయి. వియత్నాం యుద్ధం నుంచి వచ్చినవాళ్ళలో చాలామంది దెబ్బతిన్న మనసుతో ఏవో చేసి, చెడ్డ నడవడి ముద్రతో ఇళ్ళకు చేరారు. యుద్ధం మనసును ఎలా గాయపరుస్తుందో చెప్పే పీటీఎస్‌డీ అనే పేరు అక్కడి మానసిక వైద్యుల జాబితాలో చేరింది 1980లో, అంటే యుద్ధం ముగిసిన అయిదేళ్ళకు. జబ్బుకు పేరు లేని రోజుల్లో దాని గురించి ఎవరు రాయగలరు? 2014 సెప్టెంబరులో రక్షణ మంత్రి హేగెల్, అలాంటివాళ్ళ అర్జీలను ఉదారంగా చూడండని ఆ బోర్డులకు రాశాడు. అక్కడ వాళ్ళు జబ్బు పేరు రికార్డులో రాయించుకోవడానికి పోరాడితే, మావాడు తీయించుకోవడానికి తాపత్రయపడ్డాడు. ఇంగ్లండువాళ్ళ పద్ధతి ఇంకొకటి. మొదటి ప్రపంచ యుద్ధంలో పిరికితనం, పారిపోవడం లాంటి నేరాల కింద తమవాళ్ళే కాల్చి చంపిన 306 మందికి 2006లో చట్టం చేసి క్షమాపణ ఇచ్చారు. ఆనాటి తీర్పులు మాత్రం ఈ చట్టంతో రద్దు కావని అందులోనే రాసుకున్నారు. మాట తీయడమంటే ఏ సర్కారుకైనా ఎంత కష్టమో చూడండి.

ఇంట్లో పది రోజులు చర్చ నడిచింది. మా ఆవిడ తమ్ముడి పక్షం. ఆ మాట ఉంటే రేపు పిల్లకు సంబంధాలు వస్తాయా అంది. నేను లెక్కలు వేసి చూపించాను. చివరికి మా అత్తయ్య అంది, "ఏం నాయనా, వాళ్ళు పెట్టిన పేరు ఊరంతా ఎప్పుడో పిలిచేసింది. ఇంక తీసేస్తే మాత్రం ఊరు మర్చిపోతుందా? వచ్చే రూకలన్నా రానీ." ఆవిడ మాటకు అతను ఎదురు చెప్పలేదు. ఒప్పుకున్నాడని కూడా నేను అనుకోను. సంతకం పెట్టాడు.

అప్పీళ్ళు ముందు శాఖలోపల చేసుకోవాలి. గడువు దాటిందని అక్కడ తిరగ్గొట్టారు. తర్వాత సైనిక దళాల ట్రైబ్యునల్. ఇది 2007 చట్టంతో ఏర్పడి 2009 నుంచి పనిచేస్తోంది. అంతకు ముందైతే ఇలాంటి సిపాయి హైకోర్టుకు పోవలసిందే. ఇంతమంది మాజీ సైనికులున్న బెంగుళూరులో దానికి శాశ్వత శాఖ లేదు. వాయిదా ఉన్నప్పుడల్లా రాత్రి బండి ఎక్కేవాళ్ళం. ఆలస్యం సంగతికి మా వకీలు సుప్రీం కోర్టు 2008లో తర్సేమ్ సింగ్ కేసులో చెప్పింది చూపించాడు. పెన్షన్ ఎగ్గొట్టడం నెలనెలా జరిగే తప్పు గనుక ఆలస్యమైనా వినవచ్చు, బకాయిలు మాత్రం మామూలుగా అర్జీకి ముందు మూడేళ్ళవే ఇస్తారు. అంటే పదిహేనేళ్ళ డబ్బు వదులుకోవలసిందే. నేను బాధపడ్డాను. అతను పడలేదు.

2018లో ఆర్డరు మాకు అనుకూలంగా వచ్చింది. బోర్డు కారణాలు రాయలేదు, చేరేటప్పుడు ఏ లోపమూ రాయలేదు, కాబట్టి జబ్బు సేవలో వచ్చినదే అంది. వైకల్యం నూటికి నలభై అని ఆనాటి బోర్డు వేసింది. యాభైకి లోపలిది యాభైగా లెక్కించాలనే నియమం 1996 నుంచి అమల్లో ఉంది గనుక యాభై అయింది. ఇంకో ఏడాదికి డబ్బు పడింది. పురుగుల షెడ్డుకు రేకులు తీసి పెంకు వేయించాడు, వేసవిలో చల్లగా ఉంటుందని.

మధ్యలో ఒకసారి మళ్ళీ పరీక్షకు రమ్మన్నారు, జబ్బు ఇప్పుడెంత ఉందో చూడడానికి. ఇరవై ఏళ్ళుగా నిక్షేపంగా ఉన్న మనిషి లోపలికి పోయి ఏం చెప్పాలి? బాగున్నానంటే పెన్షన్ తగ్గవచ్చు, బాగాలేదంటే అబద్ధం. "ఏం చెప్పినావప్పా?" అని బయటికి వచ్చాక అడిగాను. "రాత్రిపూట మెలకువగా ఉంటాను సార్, పురుగులకు ఆకు వెయ్యాల కదా అన్నా" అన్నాడు. ఆ డాక్టరు దాన్ని ఏమని రాసుకున్నాడో! నిద్రలేమి అని రాసి ఉంటే ఆశ్చర్యం లేదు. పెన్షన్ మాత్రం తగ్గలేదు.

2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం 2018 మే నెలలో అమల్లోకి వచ్చింది. ఒక మనిషి ఎప్పుడో మానసిక వైద్యం చేయించుకున్నాడనీ, ఆసుపత్రిలో ఉన్నాడనీ చెప్పి, అంతమాత్రాన ఇప్పుడూ రోగి అని తేల్చకూడదని దాని మూడో సెక్షనులో ఉంది. మంచి మాట. డిశ్చార్జి పుస్తకం తెరిచి చూసే గుమాస్తాలు ఆ సెక్షను చదివి ఉంటారని నాకు నమ్మకం లేదు.

ఇప్పుడు ఇదంతా రాయడానికి కారణం, 2025 మే నెలలో సుప్రీం కోర్టు రాజుమోన్ అనే మాజీ సిపాయి కేసులో తీర్పు చెప్పడం. అచ్చం మావాడి కథే. స్కిజోఫ్రెనియా అని 1998లో బయటికి పంపారు, పెన్షన్ లేదన్నారు. కారణాలు రాయని బోర్డు అభిప్రాయం చెల్లదు, పెన్షన్ ఇవ్వండి అంది కోర్టు. 2023 సెప్టెంబరు నుంచి సైన్యంలో కొత్త అర్హతా నియమాలు వచ్చాయి. ఆ తర్వాత బయటికి వచ్చేవాళ్ళకు దారి ఇంత సాఫీగా ఉంటుందో లేదో చూడాలి. 2020లో ఇంకో ఉత్తర్వు వచ్చింది. పదేళ్ళు నిండకుండా జబ్బుతో పంపించేసినవాళ్ళకు, ఆ జబ్బు సేవ వల్ల కాకపోయినా, ఇన్వాలిడ్ పెన్షన్ ఇస్తామని. అది 2019 జనవరి 4 నాటికి గానీ ఆ తర్వాత గానీ కొలువులో ఉన్నవాళ్ళకే. అంతకు ముందు వచ్చేసినవాళ్ళు ట్రైబ్యునల్ మెట్లు ఎక్కవలసిందే.

రాజుమోన్ కేసు వార్త చదివి మా బావమరిది ఫోను చేశాడు. సంతోషిస్తాడనుకున్నాను. "ఆయనకు కూడా ఆ మాట అట్లే ఉంటుంది కదా బావా?" అన్నాడు. ఉంటుందన్నాను. ఆ మరుసటి ఆదివారం మా ఇంటికి వచ్చి ఒక కాగితం నా ముందు పెట్టాడు. రెండు పేజీలు, తెలుగులో. ఫలానా ఏడాది మా నాయన పోయినాడు, తంతి పదకొండో దినం చేరింది, నేను కొరివి పెట్టలేదు, డాక్టరు గారు అడిగినప్పుడు నేను అన్న మాట ఇది, దాని అర్థం ఇది అని వరసగా రాసుకొచ్చాడు. ఏమీ కోరలేదు. కింద నంబరు, ర్యాంకు, పేరు, సంతకం. దీన్ని నా దస్త్రంలో పెట్టమని పంపాలి అన్నాడు. ఇంగ్లీషులో రాస్తేనే చదువుతారేమో అన్నాను. ఇంగ్లీషు వద్దన్నాడు. పైన నేను నాలుగు వరసల కవరింగ్ లెటరు మాత్రం ఇంగ్లీషులో పెట్టి, రిజిస్టరు పోస్టులో పంపాను. మూడు వారాలకు పోస్టాఫీసు పచ్చ కార్డు తిరిగి వచ్చింది, రౌండు ముద్రతో, ఎవరిదో పొడి సంతకంతో. అతను దాన్ని మిలిట్రీ పుస్తకంలో, ఆ గడి ఉన్న పేజీలో పెట్టుకున్నాడు.